ఆటిజం: నిన్న, నేడు – ఒక విశ్రాంత ఉద్యోగి జ్ఞాపకాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శిగారు అడిగినపుడు, అందరిలాగే నేను కూడా డి.ఎ. బకాయిల గురించో, పాత ఆఫీసు రోజుల గురించో వ్రాద్దామనుకున్నాను. కాని నా సర్వీసులో ఒక ఫైలు మీద నేను పెట్టిన అభ్యంతరం ఒకటి ఇన్నేళ్ళుగా నన్ను వదలలేదు. దాని గురించి చెప్పాలంటే ముందు ఆటిజం అనే మాట చరిత్ర కొంత చెప్పాలి. మనలో చాలామందికి మనవలు, మనవరాళ్ళు ఉన్నారు గనుక ఈ విషయం వారికీ పనికివస్తుందని నా ఆశ.

మా మేనత్త కొడుకు ఒకాయన ఉండేవాడు. నాకంటె పదేళ్ళు పెద్ద. పేరు వ్రాయను, ఆ కుటుంబంవారు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. ఆయనకు ఐదేళ్ళు వచ్చేవరకు మాటలు రాలేదట. వచ్చిన తరువాత కూడా మనం ఏది అడిగితే అదే మాట తిరిగి మనకే అప్పజెప్పేవాడు. "అన్నం తిన్నావా?" అంటే "అన్నం తిన్నావా" అనేవాడు. పెళ్ళిళ్ళలో మేళం మొదలుకాగానే రెండు చెవులూ మూసుకొని గొడ్లసావిట్లోకి పరుగెత్తేవాడు. ఊరివారు కొందరు గాలి సోకిందన్నారు, కొందరు పూర్వజన్మ పాపమన్నారు. తాయెత్తులు కట్టించారు, వేపమండలతో దిగదుడిచారు. ఆడవాళ్ళు మాత్రం మా మేనత్తనే అనేవారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని ఒకరు, బిడ్డకు సరిగా పాలు పట్టలేదని ఒకరు. ఆమె ఎవరికీ ఎదురు చెప్పగా నేను చూడలేదు.

ఆయనను చేరదీసినది ఊళ్ళో రైసుమిల్లు యజమాని. లెక్క అంటే ఆయనకు ప్రాణమని ఎలా కనిపెట్టాడో గాని, బండి మీద నుంచి దిగే బస్తాలు లెక్కపెట్టే పని అప్పగించాడు. సుద్దముక్కతో గోడమీద గీతలు గీసేవాడు. గుమాస్తా లెక్కకూ, ఆయన గీతలకూ తేడా వస్తే గుమాస్తాయే మళ్ళీ లెక్కపెట్టుకొనేవాడు. ఇరవై ఏళ్ళకు పైగా అలా జరిగింది. యజమాని పోయాక మిల్లు చేతులు మారింది. కొత్తవారు ఆయనను రావద్దన్నారు. ఆ తరువాత కూడా చాలాకాలం ప్రొద్దున్నే వెళ్ళి మిల్లు గేటు దగ్గర నిలబడి వచ్చేవాడు. నేను డాక్టరును కాను. పోయిన మనిషికి జబ్బు పేరు పెట్టే అర్హత నాకు లేదు. అయినా తరువాత నేను చదివినదంతా చదువుతున్నంతసేపూ ఆయనే నా కళ్ళ ముందు మెదిలాడు.

మాట పుట్టుక

ఆటిజం అనే మాటను 1911 ప్రాంతంలో స్విట్జర్లాండు మానసిక వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ వాడుకలోకి తెచ్చాడు. గ్రీకు భాషలో "ఆటోస్" అంటే తాను, స్వయం అని అర్థం. ఆయన దానిని స్కిజోఫ్రెనియా రోగులు తమలోకి తాము ముడుచుకొనిపోయే స్థితికి వాడాడు. పిల్లల సంగతి అప్పటికింకా లేదు. 1925లో సోవియట్ డాక్టరు గ్రూన్యా సుఖరేవా అనే ఆవిడ ఈ లక్షణాలున్న ఆరుగురు మగపిల్లల గురించి వ్రాసింది. ఆమె వ్యాసాన్ని చాలా దశాబ్దాలపాటు పాశ్చాత్య దేశాలలో ఎవరూ పట్టించుకోలేదు.

1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి డాక్టరు లియో కానర్ 11 మంది పిల్లల గురించి వ్యాసం ప్రచురించాడు. వారిలో 8 మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. మనుషులతో కలవకపోవడం, అన్నమాటే అనడం, ప్రతి రోజూ ప్రతి పనీ ఒకే తీరున జరగాలని పట్టుబట్టడం వీరందరిలోనూ చూశాడు. మరుసటి ఏడాది 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ అటువంటి పిల్లల గురించే జర్మను భాషలో వ్రాశాడు. ఈయన నాజీల పాలనలో వైకల్యం గల పిల్లలను ప్రాణాలు తీసే కేంద్రానికి పంపడంలో పాలుపంచుకొన్నాడని 2018లో బయటపడిన పాత రికార్డులు చెబుతున్నాయి. చరిత్ర వ్రాసేటపుడు ఇది కూడా దాచకూడదు.

కానర్ వ్యాసంలో మొదటి బాలుడు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరివాడు, 1933లో పుట్టాడు. మూడేళ్ళవాడిని డాక్టర్ల సలహా మీద ఇంటికి దూరంగా ఒక సంస్థలో చేర్చారు. ఏడాది తిరిగేసరికి తల్లిదండ్రులు మనసొప్పక వెనక్కు తెచ్చుకొన్నారు. తండ్రి కొడుకు సంగతులన్నీ 33 పేజీల ఉత్తరంగా వ్రాసి కానర్‌కు పంపాడు. తరువాత ఆ పిల్లవాడు కొంతకాలం ఒక రైతు దంపతుల వద్ద పెరిగాడు. లెక్కల మీద వాడికున్న మోజు చూసి, పొలం దున్నుతూ మొక్కజొన్న సాళ్ళు లెక్కపెట్టనిచ్చారు. సాళ్ళు లెక్కపెడుతూనే దున్నడం నేర్చుకొన్నాడు. ఇది చదివినపుడు నాకు మా ఊరి మిల్లు గోడమీద సుద్దగీతలు గుర్తుకు వచ్చాయి. ఆ అమెరికా రైతుగాని, మా మిల్లు యజమానిగాని ఏ పుస్తకమూ చదివి ఆ పని చేయలేదు.

డొనాల్డ్ 1958లో డిగ్రీ పూర్తి చేసి, తమ ఊళ్ళోనే బ్యాంకులో ఉద్యోగం చేశాడు. కారు నడిపాడు, గోల్ఫు ఆడాడు, ఒక్కడే దేశాలు తిరిగి వచ్చాడు. 2023లో 89వ ఏట కన్నుమూశాడు. కలిగిన కుటుంబం, ఆదరించిన ఊరు ఆయనకు కలిసివచ్చాయి. అందరికీ అలా కలిసిరాలేదు.

తల్లుల మీద నింద

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించినది 1940ల చివరి నుంచి సుమారు పాతికేళ్ళు సాగిన తల్లుల నింద. తల్లిదండ్రులలో ఆప్యాయత తక్కువ గనుకనే పిల్లలు ఇలా అవుతున్నారని కానర్ కూడా ఒక దశలో అన్నాడు. తల్లులను రిఫ్రిజిరేటర్‌తో పోల్చారు. బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన 1967లో పెద్ద పుస్తకమే వ్రాసి ఈ వాదాన్ని ఊరూరా వ్యాపింపజేశాడు. అంతటి చదువులు చదివినవారు అక్కడ అన్న మాటకూ, మా మేనత్తను ఊళ్ళో ఆడవాళ్ళు అన్న మాటకూ ఏమిటి తేడా?

ఈ వాదాన్ని పడగొట్టినవారిలో ముందున్నవారు ఆ తల్లిదండ్రులే. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొడుకుకు ఆటిజం ఉండేది. ఇది మెదడుకు సంబంధించిన విషయమే గాని పెంపకం లోపం కాదని ఆయన 1964లో పుస్తకం వ్రాశాడు. మరుసటి ఏడాది తల్లిదండ్రులతో కలిసి అమెరికాలో సంఘం పెట్టాడు. ఇంగ్లండులో తల్లిదండ్రులు అంతకు ముందే 1962లో సంఘం ఏర్పాటు చేసుకొన్నారు. 1969లో కానర్ అటువంటి తల్లిదండ్రుల సభకు వచ్చి, మీయందు దోషం లేదని అందరి ఎదుటా చెప్పాడు. 1977లో లండనులో ఫోల్‌స్టీన్, రట్టర్ అనేవారు 21 జతల కవలలను పరిశీలించారు. ఒకే పోలికలో పుట్టిన 11 జతలలో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. మామూలు కవలలు 10 జతలలో ఒక్క జతలో కూడా అలా లేదు. పుట్టుకతోనే వచ్చే కారణాలు ఉన్నాయని దానితో గట్టిపడింది.

1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జాబితాలో ఆటిజానికి ప్రత్యేక స్థానమిచ్చింది. 1981లో ఇంగ్లండు డాక్టరు లోర్నా వింగ్ ఆస్పర్గర్ వ్రాసిన విషయాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చింది. ఆమె కుమార్తెకు కూడా ఆటిజం ఉండేది. ఇంద్రధనుస్సులో రంగు రంగులో కలిసినట్లు ఇందులో అనేక స్థాయిలున్నాయని ఆమె చెప్పినదే నేడు స్పెక్ట్రమ్ అంటున్నారు. 2013 నుంచి అమెరికా జాబితాలో అన్నీ కలిపి ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అన్న ఒకే పేరు కింద చేర్చారు. 1988లో వచ్చిన "రెయిన్ మ్యాన్" సినిమా సామాన్యులకు ఈ మాట తెలియజేసింది. కాని ఆటిజం ఉన్నవారందరూ అందులో హీరోలాగా లెక్కల మాంత్రికులే అనే అపోహ కూడా దానివల్లే పుట్టింది. కొందరికి మాటలే రావు, కొందరికి జీవితాంతం పక్కన ఒక మనిషి ఉండాలి.

ఇంకొక అపోహ టీకాలది. 1998లో ఇంగ్లండులో 12 మంది పిల్లలను చూపి, ఎం.ఎం.ఆర్. టీకా వల్ల ఆటిజం వస్తుందేమోనని ఒక వ్యాసం వచ్చింది. అందులో అక్రమాలు బయటపడి పత్రికవారు 2010లో దానిని ఉపసంహరించుకొన్నారు. ఆ డాక్టరు పేరును వైద్యుల రిజిస్టరు నుంచి తొలగించారు. డెన్మార్కులో 6,57,461 మంది పిల్లలను పరిశీలించి, అటువంటి సంబంధమేదీ లేదని 2019లో ప్రకటించారు. కనుక మనవలకు టీకాలు మానిపించవద్దు.

మన దేశంలో

మన దేశంలోనూ దారి చూపినది ఒక తల్లే. ఢిల్లీలో మెర్రీ బారువా గారు తన కుమారుని కోసం పడిన పాట్ల నుంచి 1991లో యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థ పుట్టింది. సికింద్రాబాదులో 1984లోనే బుద్ధిమాంద్యం గలవారి కోసం జాతీయ సంస్థ ఏర్పడినది మన తెలుగువారికి అందుబాటులో ఉన్న పెద్ద దిక్కు. ఆటిజం ఎంత మేర ఉన్నదో కొలిచే 40 అంశాల భారతీయ కొలమానం కూడా అక్కడ తయారైనదే.

చట్టం మాత్రం నెమ్మదిగా నడిచింది. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి. ఆటిజం వాటిలో లేదు.

ఇక నా ఫైలు సంగతి. 1998లో నేను పెన్షను సెక్షనులో పని చేస్తున్నాను. తల్లి, తండ్రి ఇద్దరూ గతించిన 32 ఏళ్ళ యువకునికి కుటుంబ పెన్షను కోరుతూ అతని అక్కగారు దరఖాస్తు పెట్టుకొన్నారు. డాక్టరు సర్టిఫికెట్‌లో "ఆటిజం" అని ఉంది. ఆ మాట నేను అప్పటివరకు వినలేదు. 1995 చట్టం జాబితా తీసి చూశాను, లేదు. "సదరు వైకల్యం చట్టంలో పేర్కొనబడలేదు గనుక ప్రతిపాదన వాపసు చేయవచ్చును" అని నోటు వ్రాశాను. వాపసు వెళ్ళింది. రెండవసారి వస్తే మళ్ళీ అదే వ్రాశాను.

మూడవసారి ఆమె తమ్ముడిని వెంటబెట్టుకొని స్వయంగా వచ్చింది. ఆ అబ్బాయి టైపు మిషన్ల చప్పుడుకు చెవులు మూసుకొన్నాడు. తరువాత నా బల్లమీద చిందరవందరగా ఉన్న రబ్బరు స్టాంపులను చిన్నది మొదలు పెద్దది వరకు వరుసగా పేర్చాడు. సెక్షనులో కొందరు నవ్వారు. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. "మీ జాబితాలో పేరు లేకపోతే మా తమ్ముడికి బాగున్నట్లేనా సార్?" అని మాత్రం అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

పక్క బల్ల దగ్గర మా సూపరింటెండెంటుగారు ఆ మాట విన్నారు. రిటైర్‌మెంటుకు దగ్గరలో ఉన్న మనిషి. 1980 పెన్షను నిబంధనల పుస్తకం తెప్పించి, 50వ నిబంధన తీసి నా ముందు పెట్టారు. "రూలు జబ్బు పేరు అడగలేదయ్యా. వైకల్యం వల్ల తన పొట్ట తాను పోసుకోలేడా అని అడిగింది. నువ్వు అడగవలసినది అడగకుండా, అడగక్కరలేనిది అడిగావు" అన్నారు. నిజమే. నేను తీసి చూసినది వేరే చట్టం. నోటు మార్చి వ్రాశాను, పెన్షను మంజూరయింది. మొదటి దరఖాస్తు నుంచి అప్పటికి పదకొండు నెలలు. ఆ పదకొండు నెలలూ ఆమె గాజులు తాకట్టులో ఉన్నాయని తరువాత తెలిసింది. నా సంతకం మీద జరిగిన పని గనుక ఇన్నేళ్ళకైనా నేనే వ్రాస్తున్నాను.

మరుసటి ఏడాదే, 1999లో, నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. ఆటిజం అనే మాట ఆ చట్టం పేరులోనే ఉంది. ఐక్యరాజ్యసమితి 2007లో చేసిన తీర్మానం ప్రకారం 2008 నుంచి ఏటా ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం అవగాహన దినం జరుపుతున్నారు. 2016 చట్టంలో వైకల్యాలు ఏడు నుంచి 21కి పెరిగి ఆటిజం కూడా చేరింది. ప్రభుత్వోద్యోగాల రిజర్వేషనులోనూ ఆ వర్గానికి చోటు దొరికింది. 2021లో ప్రపంచంలో సుమారు 127 మందికి ఒకరు ఆటిజం గలవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

సభ్యులకు మనవి

మిత్రులారా, మన వయసువారికి రెండు మాటలు మనవి చేస్తాను. మొదటిది మనవల గురించి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకు కావలసిన వస్తువును వేలితో చూపకపోయినా, వచ్చిన మాటలు పోయినా డాక్టరుకు చూపించండి. "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే మాటలు వచ్చాయి" అని కోడలిని ఆపేది సాధారణంగా మనమే. ఇది నయం చేసే మందు బిళ్ళ లేదు. ఉన్నదని డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. మాట, పని నేర్పే శిక్షణ ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పడిన జిల్లా కేంద్రాలలో విచారించవచ్చును.

రెండవది, ఇటువంటి సంతానం ఉన్న పెన్షనర్ల గురించి. మన తరువాత వీరి గతి ఏమిటన్నదే వారి దిగులు. సంపాదించుకోలేని సంతానానికి జీవితాంతం కుటుంబ పెన్షను ఇచ్చే నిబంధన ఉన్నది. డాక్టరు సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల వివరాలలో పేరు, ఈ రెండూ మీరు ఉండగానే సరిచూసుకోండి. 18 ఏళ్ళు నిండినవారికి నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ ద్వారా సంరక్షకుని నియమించుకోవచ్చును. ఫారాలు నింపడం రాకపోతే మన సంఘం ఆఫీసుకు రండి. మంగళ, శుక్రవారాలు ప్రొద్దున నేను అక్కడే ఉంటాను. ఒకప్పుడు వాపసు పంపిన చేతితోనే ఇప్పుడు ఫారాలు నింపి పెడుతున్నాను. ఇప్పటికి నాలుగు కుటుంబాలకు పూర్తయినది.