ఇరుకు సందులో పెద్ద చెట్టు.. కొట్టించాలంటే ఎవరిని అడగాలి? ఖర్చు ఎలా లెక్కగట్టాలి?

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో వీచిన పెనుగాలికి వేల చెట్లు నేలకూలాయి. మర్నాడే ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీలను ముంచెత్తింది. అడవిలో చెట్టు పడితే చెట్టే పోతుంది. రెండు ఇళ్ల మధ్య, కరెంటు తీగల కింద ఉన్న వేపో రావో పడితే మాత్రం గోడలు, ప్రాణాలు కూడా పోతాయి. అందుకే ఖమ్మం, భద్రాచలం వంటి పట్టణాల్లో వానాకాలం దగ్గరపడగానే చాలామంది చెట్టు కొట్టే మనుషుల కోసం వెతుకుతారు. ఫోన్ చేసే ముందు తెలుసుకోవాల్సిన విషయాలివి.

చెట్టు నా స్థలంలోనే ఉంది, అయినా అనుమతి కావాలా?

కావాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం సొంత స్థలంలోని చెట్టు నరకాలన్నా ముందస్తు అనుమతి ఉండాలి. కొన్ని రకాలకు మినహాయింపు ఉంది. మీ చెట్టు ఆ జాబితాలో ఉందో లేదో అటవీ రేంజ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. చెట్టు ఎండిపోయినా, ఇంటిమీదకు ఒరిగినా ఆ సంగతి దరఖాస్తులో రాసి, ఫొటోలు జతచేయండి. నరికిన చెట్టుకు బదులు మొక్కలు నాటే బాధ్యతనూ ఈ చట్టం పెడుతోంది.

రోడ్డు పక్కన ఉన్న చెట్టు మీ గేటుకు అడ్డొచ్చినా అది మీది కాదు. ఖమ్మంలో నగరపాలక సంస్థను, భద్రాచలంలో గ్రామ పంచాయతీని సంప్రదించాలి.

అడవి అంచున ఉన్నవారు ఇంకో విషయం చూసుకోవాలి. భద్రాచలం ఏజెన్సీ ప్రాంతం. పక్కనే రిజర్వు ఫారెస్టు ఉన్నచోట చెట్టు హద్దుకు ఇవతల ఉందా, అవతల ఉందా అన్నది ముందు తేలాలి. అవతల ఉంటే అది అటవీ చట్టం కిందికి వస్తుంది. టేకు వంటి కలప జాతి చెట్టయితే నరకడానికే కాదు, దుంగలు తరలించడానికీ పర్మిట్ తీసుకోవాలి.

ఖర్చును నిర్ణయించేది చెట్టు ఎత్తేనా?

కాదు, అది పడే చోటు. ఖాళీ చేలో 40 అడుగుల చెట్టును మొదట్లో కోసి ఒక పక్కకు పడేయొచ్చు. ఇరుకు సందులో అది కుదరదు. మనిషి పైకెక్కి, కొమ్మకు మోకు కట్టి, కోసి, నెమ్మదిగా కిందికి దించాలి. కొమ్మలయ్యాక మానునూ పైనుంచి ముక్కలుగా కోసుకుంటూ రావాలి. ఒక్క పూటలో అయ్యే పని రెండు మూడు రోజులు పట్టేది ఇందుకే.

ముక్క బరువు ఎంత ఉంటుందో ఊహించుకోండి. ఆరడుగుల చుట్టుకొలత ఉన్న పచ్చి మానులో ఒక్క అడుగు పొడవు ముక్కే దాదాపు 70–80 కిలోలు తూగుతుంది. మూడడుగుల ముక్క కోస్తే రెండు క్వింటాళ్లు దాటుతుంది. అది రేకుల మీద పడితే ఆగదు. చుట్టుకొలత రెట్టింపయితే బరువు నాలుగింతలవుతుంది.

ఎత్తు తెలియాలంటే నీడ చాలు. ఎండలో నిలబెట్టిన 5 అడుగుల కర్ర నీడ 4 అడుగులుండి, అదే సమయానికి చెట్టు నీడ 32 అడుగులుంటే చెట్టు ఎత్తు 40 అడుగులు.

హైడ్రా క్రేన్ సందులోకి రాగలిగితే పని తేలిక, కానీ దాని అద్దె వేరు. రాలేకపోతే ఆ భారమంతా ఎక్కేవాడి మీద, మోకుల మీద పడుతుంది. కాబట్టి ముందుగా సందు వెడల్పు కొలవండి.

‘డబ్బులొద్దు, కట్టెలు మాకివ్వండి’ అంటే?

ఆ కట్టెల విలువే మీరు చెల్లిస్తున్న కూలి. లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. మొదటి మేస్త్రి 12 వేలు అడిగి కట్టెలు తీసుకెళ్తానన్నాడు. వాటి విలువ 10 వేలయితే మీకు పడే అసలు ఖర్చు 22 వేలు. రెండో మేస్త్రి 20 వేలు అడిగి, రెమ్మలు, ఆకులు ఎత్తించి, కట్టెలు మీకే వదిలేస్తానన్నాడు. కట్టెలు మీకే మిగులుతాయి కాబట్టి ఇక్కడ మీకు పడే ఖర్చు 20 వేలే. ఎక్కువ అడిగినవాడే ఇక్కడ చవక.

అందుకే గుత్త మాట్లాడేటప్పుడు వీటిని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి:

* ఎక్కేవారు ఎందరు, కిందుండేవారు ఎందరు, ఎన్ని రోజులు
* క్రేన్ అద్దె ఎవరిది
* ట్రాక్టర్ ట్రిప్పులు ఎన్ని, చెత్త ఎక్కడ పోస్తారు
* మొద్దును నేలమట్టానికి కోస్తారా, వేళ్లతో తీస్తారా
* కట్టెలు ఎవరికి
* గోడ, రేకులు, నీళ్ల పైపు దెబ్బతింటే బాగుచేయించేది ఎవరు
* మనిషికి దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది

మొత్తం సొమ్ము ముందే ఇవ్వొద్దు. కొంత అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది స్థలం శుభ్రం చేశాకే ఇవ్వండి. గోడలకు ఆనుకున్న మొద్దును జేసీబీతో పెకిలిస్తే పునాది, డ్రైనేజీ కదిలే ప్రమాదం ఉంది. అలాంటిచోట నేలమట్టానికి కోసి వదిలేయడమే మంచిది.

పని రోజున..

తీగలు దగ్గరగా ఉంటే విద్యుత్ శాఖకు ముందే చెప్పి ఎల్‌సీ తీసుకోవాలి. టోల్‌ఫ్రీ నంబరు 1912. సరఫరా ఆపామని లైన్‌మన్ స్వయంగా చెప్పేదాకా ఎవరినీ చెట్టెక్కనివ్వొద్దు. పచ్చి కొమ్మలోంచి, తడి మోకులోంచి కరెంటు పారుతుంది. ఎక్కేవారికి హెల్మెట్, నడుముకు బెల్టు ఉండాలి. కింద పిల్లలు, బండ్లు లేకుండా సందుకు రెండు వైపులా మనుషుల్ని నిలబెట్టాలి. పక్కింటివారికి ముందురోజే చెప్పండి. వాళ్ల గోడల ఫొటోలు తీసి పెట్టుకుంటే తర్వాత తగవు రాదు. గాలివాన సూచన ఉంటే పని వాయిదా వేయండి.

మొత్తం తీసేయాల్సిందేనా?

ముందు ఈ ప్రశ్నకే జవాబు చూసుకోండి. మాను గట్టిగా ఉండి, ఒకవైపు కొమ్మలే బరువెక్కి ఉంటే ఆ కొమ్మలు తగ్గిస్తే సరిపోవచ్చు. ఖర్చూ తగ్గుతుంది, ఖమ్మం ఎండల్లో నీడా మిగులుతుంది. మాను బోలుగా ఉన్నా, మొదట్లో నేల పగిలి వేళ్లు పైకి లేచినా, ఒరగడం రోజురోజుకూ పెరుగుతున్నా ఇక ఆలస్యం వద్దు. అనుమతి కోసం ఈరోజే దరఖాస్తు పెట్టండి.

కొట్టించాక బదులు మొక్క మరిచిపోవద్దు. కోటి మొక్కలు నాటిన వ్యక్తిగా పేరుపొంది, 2017లో పద్మశ్రీ అందుకున్న వనజీవి రామయ్యది ఖమ్మం పక్కనే ఉన్న రెడ్డిపల్లి. ఈసారి మాత్రం తీగల కింద, గోడ పక్కన కాకుండా చెట్టు పెద్దదయ్యే చోటు చూసి నాటండి.