టేపు ఆపొద్దు

సోమవారం పొద్దున బెథెల్ పొలాల్లో జిమి హెండ్రిక్స్ గిటారు ఆగింది. వుడ్‌స్టాక్ అయిపోయింది. తడిసిన దుప్పట్లు, తెగిన చెప్పులు బురదలోనే వదిలేసి కుర్రకారు ఇళ్ల దారి పట్టింది. అక్కడికి 160 కిలోమీటర్ల దూరంలో న్యూయార్క్‌లో, ఆ కుర్రాళ్లలో చాలామంది ఏనాడూ కొనని రికార్డులు చేసే 43 ఏళ్ల ట్రంపెట్ విద్వాంసుడొకాయన మర్నాటి పనికి మనుషుల్ని పోగేసుకుంటున్నాడు. ఏం వాయించాలో వాళ్లలో ఎవరికీ పూర్తిగా తెలీదు.

1969 ఆగస్టు 19, మంగళవారం. మన్‌హటన్, 52వ వీధి. కొలంబియా రికార్డ్స్ వాళ్ల స్టూడియో బి. ఉదయం 10 గంటలు. రాత్రంతా క్లబ్బుల్లో వాయించి తెల్లారగట్ల నడుం వాల్చే జాజ్ వాళ్లకు అది నడిరేయి కిందే లెక్క. బయట ఆగస్టు ఉక్క. లోపల కాలు పెట్టే చోటల్లా వైర్లు. డ్రమ్ సెట్లు రెండు. ఎలక్ట్రిక్ పియానోలు రెండు. బేస్ వాయించేవాళ్లు ఇద్దరు. అర్ధచంద్రాకారంగా పదకొండు మంది, వాళ్ల నడుమ మైల్స్ డేవిస్. ఆయన చేతిలో ఉన్నవి పూర్తి బాణీలు కూడా కావు, కాగితాల మీద గీసుకొచ్చిన నాలుగు ముక్కలు.

అద్దం అవతల కంట్రోల్ రూములో నిర్మాత టియో మసెరో. ఆయనకు మైల్స్ ముందే చెప్పి పెట్టాడు. టేపు తిరుగుతూనే ఉండాలి. ఏం జరిగినా ఆపొద్దు. మధ్యలో బయటికొచ్చి సలహాలివ్వద్దు. ఎర్ర దీపం వెలిగింది. రీళ్లు కదిలాయి.

లెనీ వైట్ అరచేతులు చెమట పట్టి ఉంటే ఆశ్చర్యం లేదు. వయసు 19. స్టూడియో రికార్డింగుకు రావడం అదే మొదలు. పక్క డ్రమ్స్ మీద జాక్ డిజానెట్, అప్పటికే పేరు మోసిన చెయ్యి. ఎదురుగా వియన్నా నుంచి వచ్చిన జో జావినుల్ ఒక పియానో మీద, చిక్ కొరియా ఇంకో పియానో మీద. వేన్ షార్టర్ చేతిలో సొప్రానో సాక్సోఫోన్. బెన్నీ మాపిన్ పట్టుకున్న బేస్ క్లారినెట్ జాజ్‌లో అరుదుగా కనిపించే వాద్యం, పాతాళం నుంచి మూలిగినట్టుంటుంది. బాబ్ డిలన్‌కు వాయించి వచ్చిన హార్వీ బ్రూక్స్‌కు ఎలక్ట్రిక్ బేస్ ఇచ్చారు. వీళ్లందరినీ ఒక్క తాటి మీద నడిపించాల్సిన మనిషి నోరు విప్పితే వినిపించేది బొంగురు గుసగుస. 1950ల నడుమ గొంతుకు ఆపరేషన్ జరిగింది, ఆ గొంతు మళ్లీ తేరుకోలేదు.

అందుకే వేలు చూపించాడు. ఒక వేలు గిటారు వైపు. గిటారు వాయించేవాడు అందుకున్నాడు. ఇంకో సైగ పియానో వైపు. ఒక చూపుతో డ్రమ్స్ తగ్గాయి. ట్రంపెట్ మోగింది. బేస్ ఒక్కటే నక్కి నక్కి నడుస్తోంది. మైల్స్ చిటికెలు వేసి తాళం చూపిస్తున్నాడు, వదలొద్దు బిగించండి అన్నట్టు ఏదో గొణుగుతున్నాడు. మామూలు రికార్డింగులో అలాంటి చప్పుడు దొర్లితే చెరిపేసి మళ్లీ మొదలెడతారు. టేపు ఆగలేదు. రికార్డు రెండో వైపు చెవి రిక్కించి వింటే ఆ చిటికెలు, ఆ గొంతు ఇప్పటికీ దొరుకుతాయి.

ఇంత తెగింపు ఎందుకంటే, ఆయన వెనక గోడ తగిలింది. 1944లో జూలియార్డ్‌లో చదువుకని న్యూయార్క్ వచ్చి, క్లాసులు వదిలేసి చార్లీ పార్కర్‌ను వెతుక్కుంటూ తిరిగిన కుర్రాడు ఇదే 52వ వీధి క్లబ్బుల్లో పెద్దవాడయ్యాడు. 1959లో ‘కైండ్ ఆఫ్ బ్లూ’ చేశాడు. పదేళ్లు తిరిగేసరికి ఆ క్లబ్బులు మూతబడ్డాయి, కుర్రకారు రాక్ వైపు పోయింది, ఆయన రికార్డులు అమ్ముడుపోవడం తగ్గింది. కొత్త తరం వినే చోటికి వెళ్లి వాయించమని కొలంబియా అధ్యక్షుడు క్లైవ్ డేవిస్ పోరు. 1968లో పెళ్లాడిన బెట్టీ మాబ్రీ ఇంట్లో హెండ్రిక్స్‌నూ స్లై స్టోన్‌నూ మోగించింది. సూట్లు పోయాయి, తోలు ప్యాంట్లు వచ్చాయి. జాజ్ పెద్దలకు అదే చాలదన్నట్టు ఇప్పుడీ వైర్లు.

గిటారు మీదున్నది జాన్ మెక్‌లాఫ్లిన్. యార్క్‌షైర్ కుర్రాడు. ఆ ఫిబ్రవరిలోనే విమానం దిగాడు. దిగీ దిగగానే 18వ తేదీన మైల్స్ తన రికార్డింగుకు పిలిచి, గిటారు అసలు రానట్టు వాయించమన్నాడు. కుర్రాడు బిక్కచచ్చాడు, వాయించాడు, గెలిచాడు. సరిగ్గా పది రోజులకు, ఫిబ్రవరి 28న, పశ్చిమ గోదావరి పాలకొల్లులో ఒక మగబిడ్డ పుట్టాడు. ఉప్పలపు శ్రీనివాస్. మంగళవారం స్టూడియో బిలో మెక్‌లాఫ్లిన్ తీగలు మీటుతున్నప్పుడు మన మాండలిన్ శ్రీనివాస్‌కు ఇంకా ఆరు నెలలు నిండలేదు. ముప్పై ఏళ్ల తర్వాత ‘రిమెంబర్ శక్తి’ వేదిక మీద, జాకిర్ హుస్సేన్ తబలాకు అటొకరు ఇటొకరుగా, ఆ ఇద్దరూ ఒకరికొకరు సవాళ్లు విసురుకుంటారని అప్పుడు చెబితే నమ్మేదెవరు? ఆ రోజు మెక్‌లాఫ్లిన్ వాయించిన ఒక ముక్క మైల్స్‌కు ఎంత నచ్చిందంటే, మైల్స్ ట్రంపెట్టే లేని ఆ ముక్క ఆల్బమ్‌లో విడి పాటగా వెలిసింది. దాని పేరు ‘జాన్ మెక్‌లాఫ్లిన్’.

రెండో రోజు బండి బురదలో దిగింది.

బుధవారం, ‘మైల్స్ రన్స్ ది వూడూ డౌన్’. నిదానంగా, బరువుగా, నడుం ఊగేలా నడవాల్సిన పాట. డ్రమ్మర్లు మొదలుపెట్టారు. మైల్స్ ఆపాడు. మళ్లీ మొదలు. మళ్లీ ఆపాడు. ఆయన మనసులో ఉన్న నడక ఆ కర్రల్లోకి దిగడం లేదు. పందొమ్మిదేళ్లవాడి మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. పన్నెండు మంది గదిలో నిశ్శబ్దం ఒకే మనిషి మీద వచ్చి వాలుతుంది. అప్పుడు కాంగాలనే చేతి డోళ్ల వెనక నుంచి ఒక గొంతు లేచింది.

డాన్ ఎలియాస్. అతన్ని పిలిచింది కాంగాలు వాయించడానికి. అయితే న్యూ ఆర్లియన్స్‌లో మార్డీ గ్రా ఊరేగింపుల వేళ చెవిన పడ్డ దరువొకటి అతను ఎప్పటి నుంచో చేతుల్లో తిప్పుకుంటున్నాడు. తన దగ్గరో దరువుంది, వాయించనా అన్నాడు. వెళ్లి లెనీ వైట్ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. వాయించాడు. మైల్స్ తల తిప్పాడు. అది జాక్‌కు కూడా నేర్పమన్నాడు. కూర్చుని నేర్పితే వచ్చే బాపతు దరువు కాదది, రాలేదు. సరే, నువ్వే అక్కడ కూర్చో. రీళ్లు తిరిగాయి. 14 నిమిషాల పాట అతుకు లేకుండా వచ్చేసింది. కాంగాల వాడు డ్రమ్మరయ్యాడు. కుర్ర డ్రమ్మరు ఆ పాటకు పక్కన నిలబడ్డాడు.

గురువారం మూడో పియానో వచ్చింది, లారీ యంగ్. ‘స్పానిష్ కీ’ ఏరులా పారింది. జావినుల్ రాసిన ‘ఫారోస్ డాన్స్’ మాత్రం మొండికేసింది. ముక్కలు ముక్కలుగా వాయించారు, వదిలేశారు, ఇంకో చోట అందుకున్నారు. మొదలూ తుదీ ఎక్కడో వాయించినవాళ్లకే అంతుబట్టలేదు. సెషన్లు అయిపోయాయి. ఎవరి పెట్టెలు వాళ్లు సర్దుకున్నారు. జావినుల్‌కు ఆ మూడు రోజులూ చప్పగా తోచాయి. అసలు పని ఇంకా మొదలే కాలేదని అతనికి తెలీదు.

ఇక మసెరో గది. ఆయన ఒట్టి కంపెనీ ఉద్యోగి అనుకుంటే పొరపాటు. జూలియార్డ్‌లో చదివాడు, సాక్సోఫోన్ వాయించాడు, సొంతంగా సంగీతం కట్టాడు. ఇప్పుడు ఆయన ముందున్న పరికరం బ్లేడు. స్టూడియో టేపు సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంతో పరిగెడుతుంది. రీలును చేత్తో వెనక్కీ ముందుకీ తిప్పుతారు, స్వరం మూలుగుతూ అటూ ఇటూ జరుగుతుంది, సరైన చోట మైనపు పెన్సిల్‌తో గీత పెడతారు, ఏటవాలుగా కోస్తారు, రెండు కొసలు చేర్చి వెనక జిగురు పట్టీ అంటిస్తారు. చెయ్యి వెంట్రుకవాసి జరిగితే తాళం తప్పుతుంది. మసెరో, ఆయన ఇంజినీర్లు ‘ఫారోస్ డాన్స్’ను సినిమా ఎడిటర్ రషెస్ కోసినట్టు కోశారు. పాట తొమ్మిదో నిమిషం దగ్గరపడే చోట సెకను పాటి ముక్క, అంటే మూరెడు కూడా లేని టేపు, వెంటవెంటనే మళ్లీ మళ్లీ వస్తుంది. మనిషి వాయించింది కాదు, బ్లేడు వాయించింది. తర్వాతి కాలంలో చెవులు అప్పగించి లెక్కపెట్టినవాళ్లు ఆ ఒక్క పాటలో 19 అతుకులు తేల్చారు. తొలిసారి వినేవాడికి ఒక్కటీ దొరకదు.

నవంబరులో మసెరో ఫోను మోగింది. అవతల మైల్స్. ఆల్బమ్‌కు పేరు ఖాయం చేశానన్నాడు. ‘బిచెస్ బ్రూ’. పెద్ద కంపెనీ రికార్డు అట్ట మీద ఆ రోజుల్లో ఎవరూ అచ్చేయని మాట. మసెరో పై అధికారులకు చిన్న చీటీ పంపాడు. మైల్స్ ఈ పేరే కావాలంటున్నాడు, ఏం చేయమంటారు?

ఆ పేరుతోనే వచ్చింది. 1970 వసంతంలో, రెండు రికార్డుల జంటగా. అట్ట మాటి క్లార్వైన్ బొమ్మ. తెరిచి పరిస్తే వెనకా ముందూ కలిపి ఒకే దృశ్యం. నల్లటి మొహం మీద చెమట బొట్లు, తెల్లటి మొహం ఇంకోవైపు చూస్తూ, ఎగసే సముద్రం, మండే పువ్వు, నలుపూ తెలుపూ వేళ్లు ఒకదానిలో ఒకటి అల్లుకుని. ఈ బొమ్మ ఫోను తెరలో చూస్తే సగం పోయినట్టే. జాజ్ పెద్దల్లో కొందరు ఇది ద్రోహమన్నారు, అమ్ముడుపోయాడన్నారు. ఆ మార్చిలో ఫిల్‌మోర్ ఈస్ట్ అనే రాక్ హాల్లో నీల్ యంగ్ కంటే ముందు స్టేజీ ఎక్కాడు మైల్స్. కుర్రకారు ఎదుటే. ఆల్బమ్ బిల్‌బోర్డ్ పాప్ పట్టికలో 35వ స్థానం దాకా ఎక్కింది. 1971లో గ్రామీ వచ్చింది. వాయించినవాళ్లు ఒక్కొక్కరే సొంత కుంపట్లు పెట్టుకున్నారు. మెక్‌లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రా, కొరియా రిటర్న్ టు ఫరెవర్, జావినుల్, షార్టర్ కలిసి వెదర్ రిపోర్ట్. ఫ్యూజన్ అనే వీధికి దారులన్నీ ఆ స్టూడియో నుంచే పోయాయంటే పెద్దగా అతిశయోక్తి కాదు.

కానీ జావినుల్? కొంతకాలం తర్వాత ఏదో పని మీద కొలంబియా వాళ్ల సీబీఎస్ ఆఫీసుకు వెళ్లాడు. లోపల ఎక్కడో సంగీతం మోగుతోంది. చెవులు నిక్కబొడుచుకున్నాయి. అబ్బ, ఇదేమిటి, ఎవరిది? అక్కడున్న సెక్రటరీని అడిగాడు. ఆమె తాపీగా చెప్పింది. అదే, ఆ ‘బిచెస్ బ్రూ’.

ఇంతకీ దీన్ని కొత్తగా వినబోయేవాళ్లకు ఒక మాట. మొదటి వైపు నుంచి మొదలుపెట్టొద్దు. ఇరవై నిమిషాల ‘ఫారోస్ డాన్స్’ కొత్తవాళ్లను గేటు దగ్గరే నిలబెట్టేస్తుంది. రెండో వైపు మొత్తం ఒకే పాట, 27 నిమిషాలు. అంత పొడుగు పాటను ఒక్క వైపు ఇరికిస్తే గాడులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, చప్పుడు తగ్గించి చెక్కాల్సి వస్తుంది. ముల్లు అరిగినదైతే బేస్ పలచబడిపోతుంది, జాగ్రత్త. పాత రికార్డు కొనేవాళ్లు రెండో వైపు వినకుండా డబ్బులివ్వొద్దు. మొదటిసారి ‘మైల్స్ రన్స్ ది వూడూ డౌన్’ ఉన్న నాలుగో వైపు వేయండి. ఎడమ స్పీకరులో ఒక డ్రమ్ వినిపిస్తుంది. అదే డాన్ ఎలియాస్ దరువు. కుడి స్పీకరులో దానికి బదులు చెబుతున్నది జాక్ డిజానెట్, తనకు రాని దరువుకు తన దారిలో. మైల్స్ ట్రంపెట్ వచ్చేదాకా సౌండు తగ్గించకండి.