కరోనా మందు పనిచేస్తుందని ఎలా తేల్చారు?

2020 మార్చి గుర్తుందా? మెడికల్ షాపుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం ఒకటే వేట. అసలు పనిచేస్తుందా అంటే ఎవరి దగ్గరా గట్టి సమాధానం లేదు.

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ అనగానే మనకి కోవిషీల్డ్ గుర్తొస్తుంది. అదే యూనివర్సిటీ ఇంకో పని కూడా చేసింది. దాని గురించి మనవాళ్లు పెద్దగా మాట్లాడుకోరు గానీ, నా లెక్కలో అది వ్యాక్సిన్‌కి ఏమాత్రం తక్కువ కాదు.

ప్రొఫెసర్లు పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే కలిసి 'రికవరీ' అనే ట్రయల్ మొదలుపెట్టారు. ప్లాన్ రాసిన 9 రోజులకే, మార్చి 19న, మొదటి పేషెంట్ చేరారు. తర్వాత బ్రిటన్‌లో 170కి పైగా ఆసుపత్రులు కలిశాయి. పేషెంట్ ఒప్పుకుంటే, ఏ మందు ఇవ్వాలో కంప్యూటర్ లాటరీ తీస్తుంది. కొందరికి మామూలు వైద్యమే. మన సాఫ్ట్‌వేర్ భాషలో ఏ/బీ టెస్టింగ్ అన్నమాట. కాకపోతే ఇక్కడ లెక్కపెట్టేది క్లిక్కులు కాదు, 28 రోజుల్లో ఎంతమంది చనిపోయారని.

లాటరీ ఎందుకంటారా? డాక్టరే ఎంచుకుంటే, బాగా సీరియస్‌గా ఉన్నవాళ్లకే కొత్త మందు ఇవ్వొచ్చు. అప్పుడు చావులు మందు వల్లా, జబ్బు వల్లా అన్నది తేలదు. ఇంకో తెలివైన పని, ఫారాలు చాలా చిన్నవిగా పెట్టారు. పీపీఈ కిట్లలో పరిగెడుతున్న నర్సులకి పేజీలు నింపే టైం ఎక్కడిది!

జూన్ 5న మొదటి ఫలితం. హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకున్నవాళ్లలో 27 శాతం చనిపోయారు, తీసుకోనివాళ్లలో 25. అంటే ఉపయోగం లేదు.

జూన్ 16న డెక్సామెథసోన్. దశాబ్దాల నాటి చవక స్టెరాయిడ్. వెంటిలేటర్ మీదున్న 100 మందిలో మామూలుగా 41 మంది చనిపోతుంటే, ఇది ఇచ్చినవాళ్లలో 29 మందే. ఆక్సిజన్ మాత్రమే పెట్టినవాళ్లలో 26 నుంచి 23కి తగ్గింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం లాభమే కనబడలేదు.

ఈ చివరి లైనే మన దగ్గర చాలామందికి చేరలేదు. 2021 సెకండ్ వేవ్‌లో ప్రిస్క్రిప్షన్లు వాట్సాప్‌లో తిరిగాయి. జ్వరం వచ్చిన మొదటి రోజే, ఆక్సిజన్ 98 ఉన్నా, ఇంట్లోనే స్టెరాయిడ్ వేసుకున్నవాళ్లున్నారు. స్టెరాయిడ్ షుగర్‌ని పెంచుతుంది, ఇమ్యూనిటీని తగ్గిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువగా బ్లాక్ ఫంగస్ బారినపడ్డారు, కొందరికి కన్నే తీసేయాల్సి వచ్చింది. ఆ మే నెలలో కేసులన్నీ ప్రభుత్వానికి తెలియజేయాలని తెలంగాణ ఆదేశించింది. ఎవరికి ఇవ్వకూడదో చెప్పిన ఆక్స్‌ఫర్డ్ పేపర్ అప్పటికే నెలల తరబడి నెట్‌లో ఫ్రీగా ఉంది.