వరిసీమలో దాగిన గోధుమ జబ్బు

సీలియాక్ వ్యాధి గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు వల్ల చిన్నపేగుకు వచ్చే జబ్బు. చపాతీ ముద్ద తెగకుండా సాగేది ఈ గ్లూటెన్ వల్లే. బియ్యప్పిండిలో అది లేదు, అందుకే ఆ పిండి అలా సాగదు. కొన్ని జన్యువులు ఉన్నవారిలో కొందరికి గ్లూటెన్ కడుపులో పడగానే శరీర రక్షణ వ్యవస్థ తన పేగు మీదే తిరగబడుతుంది. పేగు లోపలి గోడ మీద నూగులా నిలిచి ఆహారసారాన్ని పీల్చుకునే ఆంత్రచూషకాలు క్రమంగా అరిగి చదునైపోతాయి. ఇక తిన్నది ఒంటపట్టదు. పిల్లల్లో పొట్ట ఉబ్బి కాళ్లూ చేతులూ పుల్లల్లా అవుతాయి, విరేచనాలు వదలవు, ఎదుగుదల ఆగిపోతుంది. పెద్దల్లో చాలాసార్లు విరేచనాలే ఉండవు. ఐరన్ మాత్రలకు లొంగని రక్తహీనత, నీరసం, ఎముకల బలహీనత మాత్రమే కనిపిస్తాయి.

గ్రీకు వైద్యుడు అరెటియస్ రెండు వేల ఏళ్ల నాడే ఈ లక్షణాలను వర్ణించాడు. పొట్ట అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే జబ్బుకు పేరు వచ్చింది. ఆధునిక వైద్యంలో దీన్ని మొదట స్పష్టంగా రాసింది లండన్ వైద్యుడు శామ్యూల్ గీ, 1888లో. జబ్బు నయమయ్యేదైతే అది తిండితోనే కావాలని ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. తిండిని ఎంచుకోవడంలో మాత్రం పొరపడ్డాడు. పిండిపదార్థం ఎక్కువని అన్నం, సగ్గుబియ్యం వద్దన్నాడు. రొట్టెను పలచగా కోసి రెండు వైపులా కాల్చి పెట్టవచ్చన్నాడు. పనికొచ్చేదాన్ని మాన్పించి హాని చేసేదాన్ని పెట్టమనడమే అది.

1924లో న్యూయార్క్ పిల్లల వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండు పథ్యాన్ని ప్రకటించాడు. అరటిపండ్లు పెట్టిన ఎనిమిది మంది పిల్లలు కోలుకున్నారు. రావులపాలెం మార్కెట్ నుంచి లారీలకొద్దీ గెలలు పంపే కోనసీమ రైతుకు ఇది ఆనందం కలిగించే కథే. కానీ ఆ గుణం అరటిపండుది కాదు. పథ్యంలో రొట్టె లేదు, పిల్లలు తేరుకున్నది అందుకు. బాగయ్యారనుకుని మళ్లీ రొట్టె పెడితే జబ్బు తిరగబెట్టేది. ఆ ఘనత దశాబ్దాలపాటు అరటిపండుకే దక్కడంతో అసలు దోషి పట్టుబడటం ఆలస్యమైంది.

దోషిని పట్టుకున్నది నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డిక్కె. గోధుమ మీద ఆయనకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందే అనుమానం ఉంది. 1944–45 చలికాలంలో డచ్చి నగరాలు కరవుతో అలమటించి జనం ట్యూలిప్ దుంపలు తిన్న రోజుల్లో, రొట్టె దొరకని సీలియాక్ పిల్లలు కోలుకోవడం, రొట్టె వచ్చాక మళ్లీ జబ్బుపడటం ఆ అనుమానాన్ని బలపరిచాయి. ఒక్కొక్క ధాన్యమే పెట్టి, పిల్లల మలంలో కొవ్వు ఎంత పోతోందో తూచి, 1950లో సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. గోధుమ, రై హాని చేశాయి. బియ్యప్పిండి చేయలేదు. గీ నిషేధించిన బియ్యం ఆరు దశాబ్దాల తర్వాత నిర్దోషిగా తేలింది. గోధుమలోనూ కీడు గ్లూటెన్‌లోనే ఉందని 1952లో బర్మింగ్‌హామ్ వైద్యులు నిరూపించారు.

మన దేశంలో ఉత్తరాది పిల్లల్లో ఈ జబ్బును 1966లో వైద్యపత్రికల్లో ప్రకటించారు. దక్షిణాదిలో మాత్రం దీర్ఘకాలపు విరేచనాలంటే వైద్యుల మనసు స్ప్రూ అనే మరో జబ్బు మీదకే పోయేది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో సెల్విన్ బేకర్, వి.ఐ. మాథన్ లోతుగా పరిశోధించినదీ దాన్నే. స్ప్రూ యాంటీబయోటిక్స్, ఫోలిక్ ఆమ్లంతో తగ్గుతుంది. సీలియాక్ వాటికి తగ్గదు. రెండింటిలోనూ పేగు చూడటానికి ఒకేలా దెబ్బతిని ఉండవచ్చు.

2016లో వెలువడిన ఒక అధ్యయనం ఈ కథలో కీలకం. మూడు ప్రాంతాల్లో 23,331 మంది పెద్దలను పరీక్షిస్తే ఈ వ్యాధిని సూచించే యాంటీబాడీలు రక్తంలో ఉన్నవారు ఉత్తరాదిన వందకు 1.23 మంది, దక్షిణాదిన 0.10 మంది. జన్యువుల్లో మాత్రం అంత తేడా లేదు. వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు ఉత్తరాదిన 38.1 శాతం, దక్షిణాదిన 36.4 శాతం మందిలో కనిపించాయి. పెద్ద తేడా కంచంలో ఉంది. ఉత్తరాదివారు రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాదివారు తినేది 25 గ్రాములే. అంటే దక్షిణాదివారిని చాలావరకు కాపాడింది అన్నం కావచ్చు.

కోనసీమకు ఆ అన్నం ఎలా వచ్చిందో అందరికీ తెలిసిందే. 1847–52 మధ్య ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. తర్వాత గన్నవరం అక్విడెక్టు వైనతేయ పాయను దాటించి నగరం దీవికి నీళ్లిచ్చింది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ ఎవరు ఏ వేళ వచ్చినా అన్నమే వడ్డించింది. 2000లో కొత్త అక్విడెక్టుకు ఆమె పేరే పెట్టారు. అంబాజీపేట పొట్టిక్కలు, దిబ్బరొట్టె, అరిసెలు, సున్నుండలు, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు, వీటిలో దేనికీ గోధుమతో పని లేదు. పాశ్చాత్య దేశాల్లో సీలియాక్ రోగి ఎక్కువ ధర పెట్టి వెతుక్కునే తిండి ఇక్కడ అమ్మమ్మల వంట.

అయితే గోధుమ ఇక్కడ లేకపోలేదు. అన్నవరం సత్యదేవుని ప్రసాదం గోధుమ నూకతోనే చేస్తారు. కాజా, బొబ్బట్టు, మైసూర్ బజ్జీ మైదావి. ఉప్మా రవ్వ, సేమియా గోధుమవే. షుగరు వచ్చినవారికి రాత్రి అన్నం మాన్పించి చపాతీ అలవాటు చేస్తున్నారు. కాటన్ ఆనకట్ట కట్టించిన ధవళేశ్వరంలోనే హార్లిక్స్ కర్మాగారమూ వెలిసింది. బలం కోసం నీరసపు పిల్లలకు పట్టే ఆ పానీయంలో గోధుమ, బార్లీ మాల్టు ఉంటాయి. మూత్రంలో మంటకు ఇచ్చే బార్లీ నీళ్లూ ఈ రోగికి పనికిరావు.

కళ్లకు కనిపించే గోధుమను మానడం సులువు, కనిపించనిదే కష్టం. పులిహోరలో వేసే ఇంగువ పొడిలో తరచు మైదా కలుస్తుంది. గోధుమలు ఆడిన పిండిమరలోనే బియ్యం ఆడిస్తే ఆ బియ్యప్పిండి ఇక నమ్మదగినది కాదు. బజ్జీలు వేసిన నూనెలో వేసిన గారె కూడా అంతే. గ్లూటెన్ లేనిదని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. అంత కొంచెమే హద్దు కాబట్టి ఇంట్లో బియ్యం కడిగి ఆరబెట్టి మిక్సీలో పట్టుకోవడం మేలు. పెళ్లిభోజనాల్లో వడ్డించేవారికి ముందే చెప్పడం, ప్రసాదాన్ని కళ్లకద్దుకుని పక్కవారికి ఇచ్చేయడం అలవాటు చేసుకోవాలి. అది అపచారం కాదని ఇంటి పెద్దలే పిల్లలకు చెప్పాలి. జబ్బుకు మాత్ర లేదు, ఈ పథ్యమే జీవితాంతపు మందు. పథ్యం పాటిస్తే అరిగిన పేగు చాలామందిలో మళ్లీ చిగురిస్తుంది.

గోధుమ పడని ప్రతివారిదీ సీలియాక్ కాదు. గోధుమ ఎలర్జీ వేరు. పేగు దెబ్బతినకుండా ఉబ్బరం, నొప్పి మాత్రమే వచ్చే గ్లూటెన్ అసహనం వేరు. తేడా తేల్చేది టీటీజీ అనే రక్తపరీక్ష, తర్వాత ఎండోస్కోపీలో తీసే పేగు ముక్క పరీక్ష. గోధుమ మానేశాక ఈ పరీక్షలు చేస్తే జబ్బున్నా లేనట్టే కనిపించవచ్చు. అందుకే ఎదగని బిడ్డ ఉన్నా, తగ్గని రక్తహీనత ఉన్నా, తోబుట్టువుల్లో ఒకరికి ఈ జబ్బు బయటపడినా, గోధుమ తింటూ ఉండగానే పరీక్ష చేయించండి. సొంతంగా మాన్పించకండి.