మామ్మ వదిన

కాలేజీలో బి.ఏ. చదివే రోజుల్లో ఓ సాయంత్రం రెండో ప్రపంచయుద్ధం నోట్సు గొంతెత్తి బట్టీ పడుతున్నాను. హిట్లరూ, చర్చిలూ, పెరల్ హార్బరూ అన్నీ అయ్యాక, వత్తులు చేసుకుంటున్న మా మామ్మ తలెత్తి, "మరి మా వదిన ఊసు లేదేమే అందులో?" అంది.

నవ్వేశాను. తర్వాత ఆవిడ చెప్పింది విని, నోట్సు మూసేశాను.

మామ్మ పుట్టిల్లు చోడవరం. 2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ అంతకుముందు విశాఖపట్నం జిల్లాయే. ఆ రోజుల్లో మా వైపువాళ్ళకి రంగూను పరాయి ఊరు కాదు. "రంగం" అనేవాళ్ళు. స్టీమరెక్కి వెళ్ళడం, ఓడరేవులోనో బియ్యం మిల్లులోనో పని వెతుక్కోవడం. పూర్వం కోరంగి రేవు నుంచి వెళ్ళినవాళ్ళ మూలాన అక్కడ తెలుగువాళ్ళందరికీ "కోరంగీలు" అన్న పేరే నిలిచిపోయింది. మామ్మ పెద్దన్నయ్య కూడా అలాగే వెళ్ళి ఓ మిల్లులో గుమాస్తాగా చేరాడు. నెలనెలా మనియార్డరు వచ్చేది. అప్పటికి వదినకి పద్ధెనిమిదేళ్ళు, మామ్మకి పది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. మనియార్డరు ఆగిపోయింది. 1942 మార్చిలో ఊరే జపానువాళ్ళ చేతికి చిక్కింది. ఓడల్లో చోటు దొరికింది కొందరికే. మిగిలిన జనం కాలినడకన బయల్దేరారు. ప్రోము మీదుగా కొండలు దాటి అరకాను తీరానికి కొందరు, తమూ దారిన మణిపురానికి కొందరు. దాదాపు అయిదు లక్షలమంది భారతీయులు బర్మా విడిచి వచ్చారని అంచనా. కలరా, మలేరియా, ఆకలీ దారిలో వేలమందిని మింగేశాయి. పోయినవాళ్ళని ఎవరూ సరిగా లెక్కపెట్టలేదు.

ఏప్రిల్ 6న విశాఖ మీదా బాంబులు పడ్డాయి. జనం ఊరు విడిచి పరుగు తీశారు. చుట్టాలూ, చుట్టాల చుట్టాలూ బళ్ళు కట్టుకుని చోడవరం చేరారు. పూటకి ముప్ఫై విస్తళ్ళు! వడ్డిస్తూనే వదిన ప్రతివాళ్ళనీ అడిగేదట: "రంగం నుంచి వచ్చినవాళ్ళెవరైనా కనిపించారా?" అని.

వానలు మొదలయ్యాక ఓ మనిషి వచ్చాడు, ఎముకలగూడులా. "ప్రోములో చూశానమ్మా. జ్వరంగా ఉంది, రెండ్రోజులాగి బయల్దేరతానన్నాడు" అన్నాడు. అంతే. ఆ తర్వాత కబురు లేదు.

వదినగారి అత్తగారు ఆ మాటే పట్టుకుంది. "జ్వరమేగా! తగ్గాక వస్తాడు" అంది. కోడలి బొట్టూ గాజులూ తీయించడానికి ససేమిరా ఒప్పుకోలేదు.

"ఎంత మంచి అత్తగారు!" అన్నాన్నేను.

"ఆగవే. మా అమ్మ ఆవిణ్ణి ఏడవనిచ్చేది కాదు కూడాను. బతికున్నవాడి కోసం ఏడిస్తే అశుభం అనేది."

ఊళ్ళోవాళ్ళకీ చిక్కే. పేరంటానికి పిలవాలా, వద్దా? కొన్నాళ్ళు తటపటాయించి చివరికి పిలవడం మానేశారు. నుదుట కుంకుమతో వదిన వంటింట్లోనే ఉండిపోయింది.

ఏడేళ్ళు కబురు లేకపోతే మనిషి పోయినట్టే అంటుంది చట్టం. మా ఇంటి పెద్దల లెక్క పన్నెండేళ్ళు. 1954లో దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు. ఆ రాత్రి వదిన తలుపేసుకుని తెల్లవార్లూ ఏడ్చిందట. పొద్దున్న మా మామ్మ చెయ్యి పట్టుకుని, "పన్నెండేళ్ళూ ఉంచమన్నారు, ఉంచుకున్నాను. ఇవాళ తీసెయ్యమన్నారు, తీసేశాను. నీకేం కావాలే అని ఒక్కరూ అడగలేదమ్మా" అందట.

ఏం కావాలో మామ్మ అయినా అడిగిందా? "నాకూ తోచలేదే అప్పుడు" అంది మామ్మ, వత్తులు పక్కకి పెట్టి.

వదినగారు పోయాక పెట్టె సర్దుతుంటే అడుగున ఓ మనియార్డరు కూపను దొరికిందట. అదే ఆఖరిది. దానిమీద ఒకటే వాక్యం: "పై నెల పది రూపాయలు ఎక్కువ పంపగలను."