సోవే వైన్, బనగానపల్లె మామిడి: సీసా మీద ఊరి పేరు

డోన్ చుట్టుపక్కల సరుకు అడగాలంటే ఊరి పేరు చెబితే చాలు. ఇల్లు కట్టేవాళ్లకు బేతంచెర్ల బండలు కావాలి, వంటగట్టుకు కడప రాయి కావాలి, ఎండాకాలం తోపుడుబండి దగ్గర బనగానపల్లె కావాలి. ఈ పేర్లు జనం నోట పుట్టినవి, చట్టం పెట్టినవి కావు. ఇలాంటి వాడుకకు చట్టం కట్టి, దాన్ని నాలుగు డబ్బులు తెచ్చే ముద్రగా మలచుకోవడంలో ఇటలీ వైన్ రైతులు ఆరితేరారు.

సోవే అనేది వెరోనా దగ్గరి చిన్న ఊరు. అక్కడి తెల్ల వైన్ సీసా మీద ఆ ఊరి పేరే పెద్దగా ఉంటుంది. గర్గానెగా అనే ద్రాక్ష రకం పేరు వెతికితే గాని కనబడదు, చాలా సీసాల మీద అసలుండదు. చల్లబరిచి గ్లాసులో పోస్తే ఎండుగడ్డి రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నిమ్మ, ఆపిల్ వాసన. మింగాక నాలుక మీద బాదంపప్పు పొట్టులాంటి సన్నని చేదు. తీపి ఆశించినవాళ్లకు మొదటి గుక్క నచ్చదు.

1963లో ఇటలీ చేసిన చట్టం ఫలానా పేరు ఏ ఊళ్ల వైన్‌కు చెందుతుందో, ఏ ద్రాక్ష వాడాలో, ఎకరాకు పంట ఎంతకు మించకూడదో గిరిగీసింది. 1966లో తొలి గుర్తింపు పొందినవాటిలో సాన్ జిమిన్యానో తెల్ల వైన్ ఒకటి. సోవేకు 1968లో వచ్చింది. అయితే గిరాకీ ఉంది కదా అని కొండవాలు తోటలతో ఆగకుండా కింది మైదానాన్నీ హద్దుల్లో కలిపేశారు. పలచని సరుకు వెల్లువెత్తి పేరు చెడింది. పాత కొండ తోటల వైన్‌కు మాత్రం ‘క్లాసికో’ అన్న అదనపు మాట మిగిలింది. తెలిసినవాళ్లు సీసా మీద ముందు ఆ మాట కోసమే చూస్తారు.

ప్రోసెక్కో అనే మరో ఇటలీ వైన్ వాళ్లది ఇంకో ఎత్తు. అప్పటికి అది ద్రాక్ష రకం పేరు కాబట్టి ఏ దేశం వాడైనా నాటుకుని వాడుకోగలిగేవాడు. అందుకని 2009లో ద్రాక్షకు ‘గ్లేరా’ అనే పేరు ఖాయం చేసి, త్రియెస్తె దగ్గర ప్రోసెక్కో అనే ఊరుందిగా అని పేరును ప్రాంతానికి కట్టేశారు. గడుసుతనమంటే అదీ!

మన బనగానపల్లెకు ఈ రెండు చిక్కులూ ఉన్నాయి. 1948 దాకా నవాబుల సంస్థానంగా ఉన్న ఊరి పేరు అంటుకట్టిన ప్రతి చెట్టుతో పాటు ఊళ్లు దాటింది. పలచని తోలు, దాని మీద సన్నటి చుక్కలు, పీచు లేని కండ, కోలగా ఉండే టెంక: ఇవన్నీ ఎక్కడ కాసినా రకం గుర్తులే. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద 2017లో ఈ మామిడికి గుర్తింపు వచ్చింది. దరఖాస్తులో బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలను మూలస్థానంగా చెప్పారు. కానీ హద్దులు మాత్రం రాయలసీమ, కోస్తా, తెలంగాణలో ఖమ్మం, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల దాకా పోయాయి.

తోట ఎవరిదైనా రైతు రైతే, వాళ్ల నోటికాడి కూడు తీయమనడం లేదు. ఆ మూడు మండలాల కాయకు మాత్రం సోవే కొండలకు ఇచ్చినట్టు పెట్టె మీద ఇంకొక్క మాట అదనంగా ఉండాలి. ఉద్యానశాఖ ఆ పని మీద కూర్చోవాలి.