పెద్ద అణువులను వెలుగుతో తూచిన కథ

టిండాల్ ప్రభావం మనమంతా బడిలో చదివిందే. గ్లాసు నీళ్లలో రెండు చుక్కల పాలు కలిపి టార్చి వేస్తే వెలుగు దారి కనిపిస్తుంది. ఉద్యోగరీత్యా పాలిమర్లతో మసలే నాకు, దాని తర్వాతి కథ మన పాఠాల్లో లేకపోవడం ఇప్పటికీ లోటుగానే అనిపిస్తుంది.

1920లో జూరిచ్‌లో ఉన్న స్టాడింగర్, రబ్బరు వంటి పదార్థాల్లో వేల చిన్న భాగాలు రసాయన బంధాలతో గొలుసులా ముడిపడి ఉంటాయని రాశాడు. నాటి పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. చిన్న అణువులే గుంపుకట్టి పెద్దవిగా కనిపిస్తున్నాయన్నారు. చివరికి స్టాడింగరే నెగ్గాడు, కానీ గొలుసు ఎంత పెద్దదో కొలవడం కష్టంగానే మిగిలింది. ద్రవాభిసరణ పీడనం ద్రావణంలోని అణువుల సంఖ్యను లెక్కిస్తుంది. అణువు పెద్దదయ్యేకొద్దీ అదే బరువులో సంఖ్య తగ్గి, రీడింగు చేతికి అందనంత చిన్నదైపోతుంది.

1942లో జపాన్ మలయాను ఆక్రమించడంతో అమెరికాకు రబ్బరు కరువొచ్చింది. కృత్రిమ రబ్బరు చేయాలంటే గొలుసు కొలత తెలియాలి. యుద్ధకాలంలో ఈ పనిలోకి దిగిన కోర్నెల్ ప్రొఫెసర్ పీటర్ డిబై, 1910 నాటి ఐన్‌స్టీన్ కాంతి పరిక్షేపణ సిద్ధాంతాన్ని పాలిమర్ ద్రావణాలకు అన్వయించి 1944లో ప్రచురించాడు. లెక్క సులువే. పదింతలు బరువైన అణువు ఒక్కటే వంద రెట్లు వెలుగు చెదరగొడుతుంది. అదే బరువు పదార్థంలో అలాంటివి పదోవంతే ఉంటాయి కనుక మొత్తం మీద వెలుగు పది రెట్లు. పీడనం చేతులెత్తేసే చోట వెలుగు బలం పుంజుకుంటుంది! అణువు మరీ పెద్దదైతే చెదరిన వెలుగు కోణాన్ని బట్టి మారుతుంది. ఆ మార్పు నుంచి అణువు పరిమాణం కూడా రాబట్టే గ్రాఫును 1948లో బ్రూనో జిమ్ ఇచ్చాడు.

వెలుగు చెదరడం మనవాళ్లకు కొత్త కాదు. దానిపై రామన్ పుస్తకాన్ని 1922లోనే కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఆయన శిష్యుడు, మన సూరి భగవంతం రాసిన గ్రంథం 1940లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి వెలువడింది. సిద్ధాంతంలో మనం వెనకబడలేదు. ఆ ప్రశ్న అడిగే కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీ అప్పటికి మన దేశంలో లేదు, అంతే.

ఇప్పుడు లేజర్లు వచ్చాయి, పరికరం బల్లమీద పట్టేస్తుంది. దుమ్ము బాధ మాత్రం తీరలేదు. ద్రావణాన్ని సన్నటి ఫిల్టర్‌లో వడగట్టకపోతే ఒక్క నలుసు కోటి అణువులంత వెలుగు చిమ్మి, మన రబ్బరు బరువును ఆకాశానికెత్తేస్తుంది.